కింది అర ఎలకలు

నా ఉద్యోగం పేరు కాగితం మీద ‘జంతు సంరక్షణ సహాయకురాలు’ అని ఉంటుంది. మా పరిశోధనాలయంలో గేటు కాపలా మనిషి నుంచి పెద్దసారు దాకా అందరూ పిలిచేది మాత్రం ఎలకలక్క అనే. పద్దెనిమిదేళ్ళ నుంచి ఎలకల కింద రంపప్పొట్టు మారుస్తున్నాను, వాటి నీళ్ళ సీసాలు కడుగుతున్నాను. తాళాలు బాగుచేసే మా ఆయన, “లోకమంతా ఎలకల్ని వదిలించుకోలేక చస్తుంటే నువ్వు జీతం తీసుకుని మరీ మేపుతున్నావు” అంటాడు. ఆయన్ని మేపడానికి నాకు జీతం కూడా లేదు.

ఇక థీసిస్ సంగతి. అది మా దగ్గర డాక్టరేటు కోసం ఆరేళ్ళుగా పరిశోధన చేస్తున్న అబ్బాయికి మేం పెట్టిన పేరు. ఎప్పుడేం అడిగినా “థీసిస్ అయ్యాక” అంటాడు. జుట్టు కత్తిరించుకోవయ్యా అంటే థీసిస్ అయ్యాక. పుచ్చుపన్ను పీకించుకోవయ్యా అంటే థీసిస్ అయ్యాక. పెళ్ళి కూడా అంతే. అమ్మాయి సరేనని రెండేళ్ళయింది, వాళ్ళ నాన్న మాత్రం పేరు ముందు డాక్టరని పడితేగాని కుదరదని భీష్మించుకు కూర్చున్నాడు. అబ్బాయి అన్నానుగాని ముప్పై నాలుగేళ్ళు, ఆరడుగుల మనిషి. కొండను తవ్వి ఎలకను పట్టడం అంటారు. ఇతను ఎలకను తవ్వి కొండను పట్టాలని చూస్తున్నాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను.

అతని పని ఇది. ఎలకకు మత్తిచ్చి, పుర్రెకు సూదిమొనంత బెజ్జం చేసి, సన్నటి తీగ లోపలికి దింపి, మెదడులో ఆవగింజలో సగమంత చోటు కాలుస్తాడు. కుట్లు వేశాక ఎలక లేస్తుంది, తిరుగుతుంది, ముఖం కడుక్కుంటుంది. తిండి మాత్రం తినదు. మూతి ముందే గింజలుంటాయి, వాటి మీదుగా నడిచిపోతుంది, తినదు.

మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు. “నోరు నొప్పేమో తమ్ముడూ” అన్నాను.

“నోరు బాగానే ఉందక్కా. ఆకలి కడుపులో ఉంటుందనుకుంటాం. అసలు ఆకలి ఇక్కడుంటుంది” అని తల మీద వేలితో కొట్టుకున్నాడు. “ఇక్కడ ఆ చోటు పోతే కడుపు ఎంత ఖాళీగా ఉన్నా ఆ కబురు అందదు. పైగా ఖాళీ కడుపులో పుళ్ళు పడతాయి. మెదడుకి దెబ్బ తగిలితే కడుపు పాడవుతుంది, కడుపు పాడైతే తిండి మీద ఉన్న కాస్త ధ్యాసా పోతుంది.”

మనం ఆకలేస్తే కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయంటాం. పాపం వీటి కడుపులో ఏం పరిగెత్తాలి! ఆకలి రుచెరగదంటారు, వీటికి ఆకలే తెలియకుండా పోయింది. మా ఆయనకు ఆ చోటు ఆవగింజంత కాదు, గుమ్మడికాయంత ఉండి ఉంటుంది.

తమ్ముడి దగ్గర ఒక మందు ఉంది. కడుపులో పుళ్ళు మాన్పే మందు. పుళ్ళు మానితే కడుపు కుదుటపడుతుందని, కుదుటపడ్డ కడుపు మెదడుకు మళ్ళీ కబురు పంపుతుందని అతని నమ్మకం. అందుకని పద్నాలుగు ఎలకలకు ఆ చోటు కాల్చాడు. ఏడింటికి మందు, ఏడింటికి ఉత్త చక్కెర నీళ్ళు. మందు తియ్యగా ఉంటుంది కాబట్టి రెండోవాటికి కూడా తియ్యటివే పొయ్యాలట. రెండు రకాలూ పూటకోసారి బుడ్డి గొట్టంతో పెదవి పక్కనుంచి పొయ్యాలి.

ఇక్కడే నా భుజం గురించి చెప్పాలి. ఏడాదిగా నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవదు. ఎడం చేత్తో ఒకసారి పై అరలోంచి పంజరం దించబోయి కింద పడేశాను. ఆఫీసుకు తెలిస్తే వైద్య పరీక్షకు పంపుతారు, పరీక్షలో తప్పితే ఇంటికే. ఈ సంగతి తెలిసింది తమ్ముడికి ఒక్కడికే. అప్పటినుంచి పై అర పంజరాలు దించి తూచడం, పొట్టు మార్చడం అతనే చేస్తున్నాడు.

ఆ పద్నాలుగు పంజరాలూ సర్దేటప్పుడు కూడా నా భుజమే తలుచుకున్నాడు. మామూలుగా అయితే మందువీ నీళ్ళవీ కలగలిపి పెట్టాలి. అతను మందు ఎలకల్ని ఏడింటినీ కింది అరలో పెట్టి, “నువ్వు కిందివాటికి మందు పొయ్యక్కా, పైవాటికి నీళ్ళు నేను పోస్తాను” అన్నాడు. నా చెయ్యికి నొప్పి లేకుండా అంత ఆలోచించాడు. పరిశోధన గురించి మాత్రం ఆ పూట ఆలోచించలేదు.

నాలుగో రోజుకు ఎలకలన్నీ చిక్కిపోయాయి. కింది అరలో మూడో నంబరు ఎలక గింజల గిన్నెకు వీపు పెట్టి, అలిగిన కొత్తల్లుడిలా కూర్చుంది. నేను టీ విరామానికి తెచ్చుకున్న బిస్కెట్టు జేబులోనే ఉంది. ఎదురుగా తలుపు మీద పెద్దసారు సంతకంతో పలక: ‘బయటి తిండి ఇచ్చినవారిని ఉద్యోగంలోంచి తొలగిస్తాం.’ పద్దెనిమిదేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను ఆ పలకను. బిస్కెట్టు పాలలో నానబెట్టి, చిదిమి, చిటికెన వేలికి రాసుకుని దాని పెదవికి అద్దాను.

ఉమ్మేసింది. మళ్ళీ అద్దాను. మళ్ళీ ఉమ్మేసింది. నాకు రోషం వచ్చింది. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, గుప్పెడంత జీవి నన్ను కాదంటుందా? రెండు రోజులు పోరాక కిటుకు తెలిసింది. వేలు మీసాలకు తగలకూడదు. పెదవి పక్కన అద్ది, వేలు అక్కడే ఉంచి, మనం ముఖం అటు తిప్పుకోవాలి. చూస్తున్నామంటే తినవు. మా ఆడబిడ్డా అంతే, విందులో ఎవరైనా తన పళ్ళెం వంక చూస్తే చెయ్యి కడిగేసుకుంటుంది. ఆరో రోజు మూడో నంబరు నా వేలు నాకింది. తర్వాత మిగతా ఆరూ దారికొచ్చాయి. మందు పోసే వేళే బిస్కెట్టు ముద్ద కూడా, రోజుకు రెండు పూటలు, ఆదివారం సహా.

పైవాటికి నా చెయ్యి అందలేదు.

పన్నెండో రోజుకు కిందివి ఏడూ తూకం పెరిగాయి. పైవాటిలో నాలుగు చచ్చిపోయాయి. మిగిలిన మూడు ఆ చక్కెర నీళ్ళ మీదే ఊపిరి నిలబెట్టుకున్నాయి, డొక్కలో ఎముకలు లెక్కపెట్టొచ్చు. చచ్చిన నాలుగింటినీ తమ్ముడు కోసి చూస్తే కడుపు నిండా పుళ్ళే. పాపం అనుకుంటూనే లెక్కల పుస్తకం తెరిచాడు, గీత గీశాడు, ఒక్క గంతు వేశాడు. ఆరడుగుల మనిషి గంతేస్తే దీపం గాజు తలకు కొట్టుకుంది.

“మందు పనిచేసిందక్కా! ఏడుకి ఏడు!”

నేను చిటికెన వేలు కోటు జేబులో దాచుకున్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నారట. నాకు తడుముకుందామన్నా భుజమే లేవదు.

మొదట్లో నాకేం తప్పనిపించలేదు. ఎలకలు బతికాయి, తమ్ముడికి పెళ్ళవుతుంది, ఎవరి సొమ్మేం పోయింది? అతను అమ్మాయికి ఫోన్ చేసి “అయిపోయింది, థీసిస్ అయిపోయింది” అంటుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. మర్నాడు జుట్టు కూడా కత్తిరించుకొచ్చాడు. అసలు చెవులున్నాయని ఆ రోజే చూశాం.

గురువారం పెద్దసారు ఎలకల గదికి వచ్చారు. మామూలుగా ఆయన ఆ వాసనకు గుమ్మం దాటరు. “సోమవారం నువ్వు అందరి ముందూ చెప్పాలి. బయటినుంచి పరీక్షకురాలు మేడమ్ వస్తున్నారు” అన్నారు తమ్ముడితో. “తర్వాత వాళ్ళ ప్రయోగశాలలో ఇదే మందు నలభై ఎలకలకిచ్చి చూస్తారు. నీ ఫలితం అక్కడా వస్తే ఇక తిరుగులేదు.”

అక్కడ నలభై ఎలకలుంటాయి, మందుంటుంది. నా వేలుండదు. నలభైలో ఒక్కటీ తినదు. అప్పుడు వాళ్ళేమంటారు? మందు తప్పంటారా? ఈ అబ్బాయే దొంగ లెక్కలు రాశాడంటారు. ఒకసారి ఆ మాట పడ్డాక డాక్టరేటు కాదు, ఎలకల బోనులమ్మే కొట్లో కూడా పని దొరకదు.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన మూడో రొట్టె మీద ఉన్నాడు.

“నోరు మూసుకో” అన్నాడు. “చెబితే నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వాడిది ఎప్పుడో పోతుంది. ఎప్పుడో సంగతి ఎప్పుడో చూసుకోవచ్చు.”

“అక్కా అని పిలుస్తాడు కదండీ.”

“నన్ను ఊళ్ళో అందరూ అన్నా అంటారు. అంతమాత్రాన తాళాలు ఊరికే తీస్తున్నానా?” అని, నాలుగో రొట్టె పక్కకు జరిపాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన రొట్టె పక్కకు జరపడం అదే మొదలు. “ఎంత తొందరగా చెబితే అంత మంచిది” అన్నాడు.

శుక్రవారం పొద్దున్న మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి మిఠాయి పొట్లం నా ముందు పెట్టాడు. రెండోసారి పెళ్ళికి ఏ రంగు చొక్కా బాగుంటుందని అడిగాడు. మూడోసారి అతను నోరు తెరవకముందే చెప్పేశాను. “తమ్ముడూ, అవి తిన్నది మందు వల్ల కాదు. నేను వేలితో పాలూ బిస్కెట్టూ పెట్టాను.”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు అతనూ మానేశాడు.

“ఏడింటికీనా?”

“ఏడింటికీ.”

“రోజూనా?”

“ఆదివారం కూడా.”

గీతల కాగితం వంక చూశాడు. “పాలల్లో చక్కెర వేశావా?” అన్నాడు.

“కొంచెం.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. శని, ఆదివారాలు వచ్చాడు, పైవాటిని తూచాడు, నీళ్ళు పోశాడు, నాతో ఒక్క మాట లేదు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నా పని చేసుకున్నాను. కిందివాటికి అతని ఎదుటే ముద్ద పెట్టాను, ఇక దాచేదేముంది? అతను ముఖం అటు తిప్పుకున్నాడు. కోపంతో తిప్పుకున్నాడో, చూస్తే అవి తినవని తెలిసి తిప్పుకున్నాడో నాకు తెలియలేదు.

సోమవారం సమావేశం గదిలో ముప్పై మంది. నేను వెనక వరసలో నీళ్ళ గ్లాసుల బల్ల పక్కన నిలబడ్డాను. ముందు వరసలో పెద్దసారు, ఆయన పక్కన బయటి మేడమ్. అరవై దాటిన మనిషి, చిన్నగా, బక్కగా, కళ్ళద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. తమ్ముడు కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇతనేం చెప్పడు, నన్ను బయటపెట్టకుండా, తనను తాను కాపాడుకుంటాడు, అనుకున్నాను. అలా చెయ్యాలని సగం మనసు కోరింది కూడా. సిగ్గుచేటైనా ఉన్నమాట చెబుతున్నాను.

తెర మీద రెండు గీతలు పడ్డాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. పెద్దసారు మేడమ్ వైపు తిరిగి, కొడుక్కి మొదటి ర్యాంకు వచ్చినట్టు నవ్వారు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. “ఈ పై గీత మందుది కాదు” అన్నాడు. “మా అక్క చిటికెన వేలిది.”

పెద్దసారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ దింపాలో ఆయనకు తెలియలేదు. తమ్ముడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కింది అర, పాలు, బిస్కెట్టు, కొంచెం చక్కెర. చివర్లో, “మందు పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క ఫలితం, ఆ ఎలకలు వేలి మీద పెడితే తిన్నాయన్నది” అన్నాడు.

మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుంది. “మందు ఎలకల్ని అన్నిటినీ ఒకే అరలో ఎందుకు పెట్టావు?”

“నా తెలివితక్కువతనం మేడమ్” అన్నాడు.

ఆ మాట విన్నాక నేను వెనక నిలబడలేకపోయాను. “తెలివితక్కువతనం కాదమ్మా” అన్నాను అక్కణ్ణుంచే. ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. “నా భుజం లేవదు. ఆఫీసుకు చెప్పలేదు. నాకు కష్టమవుతుందని మందువి కింద పెట్టాడు.”

“ముందుకు రామ్మా” అంది మేడమ్. వెళ్ళాను. “తినని ఎలక చేత ఎలా తినిపించావు?”

చెప్పాను. మీసాల సంగతి, పెదవి పక్క సంగతి, ముఖం తిప్పుకోవడం, మా ఆడబిడ్డ. ఆడబిడ్డ దగ్గర గదంతా గొల్లుమంది. మేడమ్ నవ్వుతూనే రాసుకుంటోంది. నాకు ధైర్యం వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలిస్తే మా ఆయన గురించి కూడా చెప్పేదాన్నే.

“ఎందుకు పెట్టావు? పెట్టకూడదని తెలుసుగా?”

“తినకపోతే చచ్చిపోతాయి కదమ్మా.”

“మరి పైవి?”

“నా చెయ్యి అందదమ్మా.”

“ఈ అబ్బాయి రోజూ వాటిని దించి తూచేవాడు కదా. కాసేపు కింద పెట్టమని అడగొచ్చుగా.” ఆమె గొంతులో కోపమేం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“అడిగితే తెలిసిపోతుంది కదమ్మా” అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. నాలుగు ఎలకలు. భుజం లేవక కాదు, నేను నోరు తెరవక చచ్చాయి. ఆ రోజులన్నీ పై అర వంక తలెత్తి చూడలేదు నేను, చూస్తే ఈ లెక్క తేలుతుందనే చూడలేదు. గదిలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నీళ్ళ గ్లాసులు అందించాల్సింది నేనే కాబట్టి నాకెవరూ తెచ్చివ్వలేదు.

తర్వాత పెద్దవాళ్ళు తలుపు వేసుకుని గంట మాట్లాడుకున్నారు. తమ్ముడికి ఇంకో ఏడాది ఇచ్చారు, మొదటినుంచి మళ్ళీ చెయ్యాలి, ఈసారి పంజరాలు కలగలిపి. నాకు మెమో, వైద్య పరీక్ష. ఉద్యోగం మాత్రం ఉంచారు. ఉంచమన్నది మేడమ్ అట. దెబ్బ తిన్న ఎలకల చేత తినిపించడం వచ్చిన మనిషి ఈ భవనంలో ఒక్కతే ఉందని పెద్దసారికి గుర్తుచేసిందట.

ఎలకల గదికి వెళ్ళేసరికి తమ్ముడు నాకంటే ముందే అక్కడున్నాడు. కొత్త చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, పై అరలోంచి మూడు పంజరాలూ దించి నేల మీద వరసగా పెట్టాడు. పక్కన పాలు, బిస్కెట్టు.

“పెళ్ళి?” అన్నాను.

“మళ్ళీ ఏడాది. తను సరేనంది, వాళ్ళ నాన్న అనలేదు” అని నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు. “పెట్టక్కా.”

నేను ఒకదానికి అద్దాను, అతను ఇంకోదానికి. అరగంటకు నాది నాకింది. గంటకు రెండోది కూడా ఉమ్మడం మానేసింది. మూడోది అన్నిటికంటే చిక్కినది, కళ్ళు సగం మూసుకుని మూలకు ఒరిగి ఉంది. పన్నెండు రోజులకు పైగా తనంతట తాను పెదవి కదిలించింది లేదు. నేను అద్దితే ముద్ద జారి కింద పడింది. ఇక లాభం లేదనుకున్నాను. “నేను చూస్తానుండు” అని తమ్ముడు తన వేలు లోపల పెట్టి, నేను నేర్పినట్టే ముఖం అటు తిప్పుకుని, కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో నేను గడియారం చూడలేదు.

ఉన్నట్టుండి కెవ్వుమని అరిచాడు. వేలు బయటికి లాగాడు, చివర ఎర్రగా నెత్తురు బొట్టు. ఆ వేలు నా ముఖం ముందు పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతున్నాడు.

“కరిచిందక్కా! నోరు తెరిచింది!”